ఆకాశచిత్రకారుడు వైను బప్పు

మబ్బులేని నింగిని జూచి నిట్టూర్చుట అనంతపురపు సీమలోని రైతునకు పుట్టుకతో వచ్చిన యలవాటు. పడమటి కనుమల చాటున బడి, తూర్పు సముద్రమునకు దవ్వై, రెండు ఋతుపవనములకును సవతిబిడ్డయైన యీ పీఠభూమిపై ఏడాది పొడుగునను సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. శింగనమలలో శ్రీరంగరాయల చెరువు నిండిన యేడు పండుగ. నిండని యేడు ఊరంతయు మౌనము. అయినను లోకమున ఒకరికి శాపమైనది వేరొకరికి వరమగుట కలదు. నింగియందు మబ్బులేని రాత్రులను లెక్కపెట్టుకొని, అట్టి రాత్రులు హెచ్చుగా నున్న తావునకై కొండలు గుట్టలు వెదకిన మహనీయుడొకడు మన దక్షిణదేశముననే యుండెను. ఆయన పేరు మణలి కల్లాట్ వైను బప్పు. నక్షత్రముల వెలుతురును గాజుపలకపై బట్టి నిలుపు విద్యలో ఆయన బాల్యమంతయు హైదరాబాదు నగరమున గడచినది గనుక, తెలుగువారు ఆయనను తమవానిగా దలచుకొనుటలో అతిశయోక్తి లేదు.

బప్పు 1927వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించెను. కుటుంబము మలబారు ప్రాంతమునకు జెందినది. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలయందు సహాయకుడుగ పనిచేయుచుండెను. తల్లిదండ్రులకు ఆయన యొక్కడే సంతానము. ఇతర బాలురు బొంగరములతో నాడుకొను ప్రాయమున ఈ బాలుడు దూరదర్శినుల నీడలో దిరుగాడెను. కావున ఆయన కథకు ముందు ఆ వేధశాల కథ కొంత చెప్పవలసియున్నది.

నిజామియా వేధశాలను 1901లో నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు తన సొంత వినోదమునకై నెలకొల్పెను. ఇంగ్లండు నుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, తన కాలానంతరము దానిని ప్రభుత్వము స్వీకరింపవలెనని ఆయన కోరెను. 1908లో నిజాము ప్రభుత్వము దానిని స్వీకరించి బేగంపేటకు మార్చినది. అచ్చట మరియొక యంత్రము కూడ నుండెను. దాని గాజుకటకము వ్యాసము 8 అంగుళములు. చూపునకు గాక కేవలము ఛాయాచిత్రములు తీయుటకే నిర్మింపబడిన దూరదర్శిని యది. దాని మూలముననే హైదరాబాదు ప్రపంచ ఖగోళశాస్త్ర చరిత్రలో చోటు సంపాదించుకొన్నది.

1887లో పారిస్ నగరమున గుమిగూడిన శాస్త్రజ్ఞులు ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగ దీసి పటమొనర్పవలెనని సంకల్పించిరి. భూమిని గ్రామకరణము కొలిచి అడంగలు వ్రాసినట్లు ఆకాశమునకును ఒక అడంగలు వ్రాయుటయే వారి యుద్దేశము. ఆకాశము ముక్కలుగ విభజింపబడి వివిధ దేశముల వేధశాలలకు బంచబడినది. దక్షిణమున 17 అంశల నుండి 23 అంశల వరకు గల పట్టీ హైదరాబాదు వాటాకు వచ్చినది. మొదట దక్షిణ అమెరికాలోని శాంటియాగోవారు ఒప్పుకొని నెరవేర్పలేకపోయిన వాటా యది. 1914 ప్రాంతమున మొదలైన పని దశాబ్దముల తరబడి సాగి, మొత్తము 12 సంపుటములుగ నచ్చుపడినది. అందు ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రస్థానములు లెక్కకు వచ్చినవి. యూరపులో యుద్ధములు చెలరేగి పెద్ద పెద్ద వేధశాలలే వెనుకబడిన కాలమున బేగంపేటలోని కొలదిమంది ఉద్యోగులు చేతితో ఒక్కొక్క చుక్కను కొలిచి ఈ పని ముగించిరన్న సంగతి మన పాఠ్యపుస్తకములలో కానరాకపోవుట విచారకరము.

ఆ పని యెట్లుండునో చదువరులు తెలిసికొనదగును. మన కంటిలో వెలుతురు నిలువదు. ఒక క్షణమున బడిన కాంతి మరుక్షణమున మాసిపోవును. కావున గంటసేపు చూచినను మసక చుక్క మసకగానే యుండును. వెండి ఉప్పు కలిపిన జిగురుపూత గల గాజుపలక అట్లుగాదు. చినుకు చినుకుగ చెరువులో నీరు చేరునట్లు దానియందు కాంతి చేరుచుండును. కంటికి కానరాని చుక్క యైనను గంటసేపు వెలుతురు పడిన పిదప తన గుర్తు దానిపై విడుచును. పాలపుంతలోని పొగవంటి నీహారికలు, దానికి వెలుపల లక్షల కాంతివర్షముల దూరమున నున్న ఇతర నక్షత్రమండలములు మానవునకు స్పష్టముగ దెలిసివచ్చినది గాజుపలక మూలముననే.

అయితే భూమి తిరుగుచున్నది గదా! నక్షత్రములు తూర్పున నుండి పడమటికి జరుగుచుండ దూరదర్శినియు వానివెంట జరుగవలెను. ఇందులకై గడియారము వంటి యంత్రమొకటి దానిని నడుపును. యంత్రమెంత చక్కనిదైనను కొంచెము తప్పు నడచును, గాలి తోయును, లోహము చలికి ముడుచుకొనును. అందువలన పెద్ద దూరదర్శిని ప్రక్కన కట్టిన చిన్న దూరదర్శినిలో ఒక నక్షత్రమును సాలెదారపు దాటుగీతల నడుమ నిలిపి, అది వెండ్రుకవాసి జరిగినను చేతితో సరిదిద్దుచు, కనురెప్ప వాల్పక మనుష్యుడు కూర్చుండవలెను. ఒక పలకకు అరగంట, ఒక పలకకు గంట, ఒక్కొక్కప్పుడు రాత్రి యంతయు! నడుమ కునికినచో చుక్క గీతయగును. రాత్రి శ్రమ గంగపాలు.

పిమ్మట చీకటిగది పని. ముద్దచీకటిలో చేతివ్రేళ్లతో తడవి పలకకు ఏవైపున పూత యున్నదో గుర్తింపవలెను. రసాయనిక ద్రవమున ముంచి, గడియారపు చప్పుడు లెక్కించుచు పళ్లెమును మెల్లగ నాడింపవలెను. కాంతి సోకిన తావులలో వెండి నల్లబడి తేలివచ్చును. తరువాత హైపో ద్రావణమున నిలిపి, దుమ్ములేని నీట చాలసేపు కడిగి ఆరబెట్టవలెను. ఆరిన పలకపై ఆకాశము తెల్లగను, చుక్కలు నల్లగను అగపడును. శాస్త్రజ్ఞులు దానిని కాగితముపైకి దింపి అందమైన చిత్రముగ జేయరు. ఆ నల్లచుక్కలనే భూతద్దమున జూచి కొలుతురు. ధూళికణమును నక్షత్రముగ భ్రమించు ప్రమాదము కలదు గనుక, ఆ పారిస్ పటములకు ఒకే పలకపై ముమ్మారు, ప్రతిసారి కొంచెము జరిపి చిత్రము తీయు నియమముండెను. నిజమైన నక్షత్రము మూడు చుక్కల ముక్కోణముగ దోచును. దుమ్ము ఒంటిగ నుండును. ఎంత చిన్న యుపాయము, ఎంత పెద్ద మేలు!

ఇట్టి పనులను చూచుచు బప్పు పెరిగెను. నిజాము కళాశాలలో భౌతికశాస్త్రము చదువుచు, పట్టపరీక్షలకన్న రాత్రి ఆకాశమునకే యెక్కువ కాలము వ్యయించెను. వెలుతురు హెచ్చుచు తగ్గుచు నుండు నక్షత్రములను తానే గమనించి, పంతొమ్మిదేండ్ల ప్రాయముననే, అనగా 1946లో, వానిపై వ్యాసములు ప్రకటించెను. మద్రాసు విశ్వవిద్యాలయము నుండి ఎం.ఎస్‌సి. పట్టము బొందెను. కాని అప్పటి భారతదేశమున ఖగోళశాస్త్రమును ఉన్నతస్థాయిలో బోధించు విద్యాలయము లేదు. ఆ కోరిక గలవాడు విదేశములకు పోవలెను. పోవుటకు ధనము కావలెను. వేధశాల సహాయకుని జీతము ఓడ ప్రయాణమునకే చాలదు.

అదృష్టవశమున అమెరికాలోని హార్వర్డు వేధశాలాధ్యక్షుడు హార్లో షాప్లీ 1947లో భారతదేశమునకు వచ్చెను. పాలపుంతలో మన సూర్యుని స్థానము నడుమ గాక ఒక అంచున నున్నదని నిరూపించిన పండితుడాయన. బప్పు ఆయనను కలిసికొనెను. యువకుని యుత్సాహము షాప్లీని ఆకర్షించినది. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థివేతనము లభించినది. అయితే 1948లో హైదరాబాదు సంస్థానమున జరిగిన రాజకీయపు మార్పులు అందరికిని దెలిసినవే. ఆ కల్లోలమున ఎన్నో పనులు నిలిచిపోయినట్లే బప్పు ప్రయాణమును ఆలస్యమైనది. తుదకు 1949 ప్రారంభమున ఆయన హార్వర్డు చేరెను.

చేరి ఆరు మాసములైన గాలేదు. 1949 జూలై 2వ తేదీ నాడు, మామూలు పరిశీలనకై తీసిన యొక గాజుపలకను కడిగి పరీక్షించుచుండ, చుక్కల నడుమ చెదరిన మరక యొకటి ఆయన కంటబడినది. నక్షత్రము గుండ్రముగ, అంచు తేరి యుండును. ఇది యట్లు లేదు. ప్రథమ వర్షపు విద్యార్థి దానిని పూతలోని లోపమని తలచి విడిచిపెట్టినను ఎవరును తప్పుపట్టరు. బప్పు విడువలేదు. చిన్ననాట నిజామియా వేధశాలలో దుమ్మునకును చుక్కకును గల భేదమును చూచి పెరిగినవాడు గదా! ఆచార్యుడు బార్ట్ బోక్, తోడి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ దానిని మరల పరిశీలించి ధ్రువపరచిరి. అది తోకచుక్క! పూర్వమెవ్వరును చూడనిది. లోకాచారము ననుసరించి దానికి బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్క యని పేరిడబడినది. భారతీయుని పేరు గల తోకచుక్క అంతకుమున్ను లేదు. దాని మార్గమును గణింపగా, సూర్యుని జుట్టి మరల వచ్చుటకు సుమారు 60,000 సంవత్సరములు పట్టునని తేలినది. పసిఫిక్ తీరపు ఖగోళశాస్త్ర సంఘమువారు ఆయనకు డోన్హో తోకచుక్క పతకము నిచ్చిరి.

మన పల్లెలలో తోకచుక్క పొడచూపిన కరవో రాజుచావో తప్పదను నమ్మకము నేటికిని పూర్తిగ పోలేదు. ఈ తోకచుక్క మాత్రము ఒక హైదరాబాదు యువకునకు కీర్తిని దప్ప ఎవరికిని కీడును దేలేదు.

1952లో హార్వర్డు నుండి డాక్టరు పట్టము నందిన పిమ్మట, కార్నెగీ సంస్థవారి సాయముతో ఆయన కాలిఫోర్నియాలోని పాలొమార్ వేధశాలకు బోయెను. ఆ కాలమున ప్రపంచమున నెల్ల పెద్దదైన 200 అంగుళముల దూరదర్శిని అచ్చట క్రొత్తగ నెలకొల్పబడియుండెను. అచ్చట ఓలిన్ విల్సన్ అను శాస్త్రజ్ఞునితో గూడి ఆయన చేసిన పరిశోధనయే ఆయన పేరును పండితలోకమున శాశ్వతము జేసినది. అది కొంచెము సూక్ష్మమైన విషయమైనను చెప్పక విడువరాదు.

చీకటి రాత్రి చెరువుకట్టపై దూరముగ నొక దీపము కనబడినది. అది దగ్గరనున్న చిన్న బుడ్డియో, చాల దూరముననున్న పెట్రోమాక్సు లైటో చూచువానికి దెలియదు. నక్షత్రముల విషయమున శాస్త్రజ్ఞులకు గల చిక్కు ఇదియే. దీపము స్వతస్సిద్ధముగ నెంత వెలుగునదో తెలిసినగదా అది యెంత దూరమున నున్నదో లెక్కింపగలము? నక్షత్రపు కాంతిని పట్టకముచే విడదీసి ఇంద్రధనుస్సువంటి పట్టీగ గాజుపలకపై ముద్రించినచో, అందు నల్లని గీతలు కనబడును. ఒక్కొక్క గీత ఒక్కొక్క మూలపదార్థపు చేవ్రాలు. మనము గోడలకు బూయు సున్నములో నుండు కాల్షియము నక్షత్రములందును కలదు. దాని గీతలలో నొకటి చాల వెడల్పైనది. సూర్యునివలెను, సూర్యునికన్న చల్లనివియు ఎర్రనివియు నగు నక్షత్రములలో ఆ నల్లగీత నడుమ సన్నని వెలుగుగీత యొకటి లేచుచుండును. బప్పు, విల్సనులు 185 నక్షత్రముల పలకలపై ఆ వెలుగుగీత వెడల్పును కొలిచిరి. నక్షత్రము స్వతహాగ నెంత కాంతివంతమో ఆ గీత యంత వెడల్పుగ నుండెను. ఒకదానికన్న నొకటి పదిలక్షల రెట్లు ప్రకాశమానములైన నక్షత్రముల వరకును ఈ నియమము తప్పలేదు. గీతను గొలిచిన చాలును, దీపము బుడ్డియో పెట్రోమాక్సో తెలియును, దూరమును దెలియును. 1957లో ప్రకటింపబడిన ఈ నియమమును లోకమంతటను విల్సన్-బప్పు ఫలితమనియే వ్యవహరింతురు.

పాలొమార్ నంతటి చోట పనిచేసినవానికి అమెరికాలో ఉద్యోగము దొరకకపోదు. అచ్చట యంత్రములున్నవి, గ్రంథములున్నవి, సహచరులున్నారు. ఇచ్చట నేమున్నది? నిజామియా వేధశాల యున్నది. కొడైకెనాలు నందు సూర్యుని జూచు వేధశాల యున్నది. నక్షత్రలోకపు లోతులను తరచుటకు దగిన దూరదర్శిని దేశమున నొక్కటియు లేదు. అయినను 1953లో బప్పు స్వదేశమునకే వచ్చెను. ఆయనకు అప్పుడు ఇరువదియారేండ్లు. వచ్చిన వెంటనే ఎవరును ఎదురేగి ఆసనము వేయలేదు. మరుసటి యేడు చివరకు గాని ఉత్తరప్రదేశమునందలి ప్రభుత్వ వేధశాలలో పదవి లభింపలేదు. ఆ వేధశాల అప్పుడు కాశీ పట్టణమున నుండెను. గంగాతీరపు దుమ్మును పొగమంచును పుణ్యమునకు అడ్డు రాకపోవచ్చును గాని నక్షత్రదర్శనమునకు అడ్డు వచ్చును. బప్పు దానిని హిమాలయపాదమున నైనితాలునకు తరలించుటకు పాటుపడి, 1955లో ఆ కార్యమును సాధించెను.

1960లో, ముప్పదిమూడవ యేట, ఆయన కొడైకెనాలు వేధశాలకు అధిపతి యయ్యెను. 1899లో నెలకొల్పబడిన ఆ వేధశాల, దానికి మూలమైన 1792 నాటి మద్రాసు వేధశాలకు వారసురాలు. ఇరువదవ శతాబ్దారంభము నుండి అచ్చట ప్రతిదినము సూర్యుని ఛాయాచిత్రములు తీసి భద్రపరచుచుండిరి. ఆ పలకలు నేటికిని సూర్యుని పుట్టుపూర్వోత్తరములను జెప్పు దస్తావేజులు. ఆ పని కుంటుపడకుండ నడపుచునే బప్పు రాత్రి ఆకాశమువంక దృష్టి సారించెను. కొడైకెనాలులో ఉదయమున ఎండ నిర్మలము. రాత్రి మంచు, మబ్బు. కావున క్రొత్త తావు వెదకవలెను.

ఆ వెదకులాట ఫలించిన తావు తమిళదేశమున జవ్వాది కొండలలో వాణియంబాడికి సమీపముననున్న కావలూరు. సముద్రమట్టమునకు సుమారు 725 మీటర్ల యెత్తున, చందనవృక్షములు గల యడవిలో గిరిజనుల పల్లె యది. ఉత్తరముగ 12న్నర అంశలపై నుండుటచే అచ్చట నుండి దక్షిణాకాశము చాల భాగము కానవచ్చును. శింగనమల యుండునది 15 అంశలకు లోపుననే గనుక కావలూరునకును మనకును ఆకాశము ఇంచుమించు ఒక్కటే. శీతకాలమున దక్షిణదిక్కున వెలుగు అగస్త్యుని చూడగలిగినవారమే మనమును. వేసవి రాత్రులలో కిన్నరమండలమున మసకచుక్కవలె దోచుచు, నిజమునకు లక్షల నక్షత్రముల ముద్దయైన ఓమెగా సెంటారి గుచ్ఛము మన చెరువుకట్టపై నుండియు కానవచ్చును. యూరపునందలి పెద్ద వేధశాలలకు ఆ భాగ్యము లేదు.

1968లో కావలూరున 38 సెంటీమీటర్ల దూరదర్శినితో పని యారంభమైనది. ఆ దూరదర్శినిని విదేశముల నుండి కొనక తమ కర్మశాలలోనే చేసికొనిరి. బప్పు పట్టుదల యంతయు ఇందున్నది. యంత్రమును కొనువాడు చెడినప్పుడు అమ్మినవాని వాకిట నిలువవలెను. చేసికొనువాడు తానే బాగుచేసికొనును. పని నేర్చిన యువకులను ప్రోగుచేసి అద్దము లరుగదీయుట, లోహపుబని, విద్యుత్పరికరములు అన్నియు నేర్పించెను. 1971లో కొడైకెనాలు వేధశాల వాతావరణశాఖ నుండి వేరుపడి భారత ఖగోళభౌతిక సంస్థయైనది. బప్పు దానికి ప్రథమాధ్యక్షుడు. 1972లో తూర్పు జర్మనీ నుండి ఒక మీటరు దూరదర్శిని కావలూరునకు వచ్చినది. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహము ఒక నక్షత్రమునకు అడ్డము వచ్చినప్పుడు ఆ నక్షత్రకాంతి ముందుగనే తటాలున తగ్గుటను కావలూరివారును గమనించిరి. యురేనస్‌నకు వలయములున్నవను సంగతి ఆ రాత్రి ప్రపంచమున కొలదిచోట్ల జరిగిన పరిశీలనల వలననే బయలుపడినది.

1980 ఫిబ్రవరి 16వ తేదీ నాటి సంపూర్ణ సూర్యగ్రహణము మన ప్రాంతపు వృద్ధులకు జ్ఞాపకముండియే యుండును. చంద్రుని నీడ కర్ణాటకము మీదుగ తెలంగాణమున ప్రవేశించి తూర్పుతీరమునకు సాగినది. అనంతపురమున సూర్యుడు పూర్తిగ మరుగుపడకున్నను పట్టపగలు వెలుగు సన్నగిల్లినది. పల్లెలలో జనులు తలుపులు మూసికొని లోపల గూర్చుండిరి. అదే సమయమున బప్పు నాయకత్వమున శాస్త్రజ్ఞులు హుబ్లీ సమీపముననున్న హొసూరునను, రాయచూరు మండలములోని జవళగెరెయందును శిబిరములు వేసికొని తలుపులుకాదు, దూరదర్శినుల మూతలు దెరచుకొని నిలిచిరి. రెండున్నర నిమిషములు దాటినచో అవకాశము చేయి జారును. సూర్యుని చుట్టును ముత్తెపుకాంతివలె నుండు కిరీటమును అంత స్వల్పకాలమున పట్టుకొనుటకు నెలల తరబడి సన్నాహము జేసియుండిరి.

ఒక మీటరు అద్దముతో బప్పు తృప్తి జెందలేదు. 2.34 మీటర్ల అద్దము గల దూరదర్శినిని ఈ దేశముననే నిర్మింపవలెనని సంకల్పించెను. ముడిగాజు మాత్రము జర్మనీది, అరుగదీయుట బెంగుళూరులో, భారీ లోహపుబని మహారాష్ట్రములోని వాల్చంద్‌నగర్ కర్మాగారమున. ఇట్టి అద్దమును మెరుగుపెట్టుట కంసాలి పనికన్న సున్నితమైనది. వెండ్రుక మందములో వేయవ వంతు మేర ఎగుడుదిగుడున్నను చుక్క చెదరిపోవును. కొంచెము రుద్దుట, ఆరనిచ్చుట, పరీక్షించుట, మరల రుద్దుట. ఇట్లు సంవత్సరములు గడచును. తొందరపడి ఒక్క గీటు ఎక్కువ దీసినచో దానిని తిరిగి పెట్టుటకు మార్గము లేదు. అంత పెద్దదానిని అనుభవము లేని దేశములో చేయబూనుట దుస్సాహసమని శంకించువారు ఆ కాలమున లేకపోలేదు. డబ్బిచ్చి కొనుట తేలికయే. కాని అట్లు కొనినచో తరువాతి తరమునకు దూరదర్శిని మిగులును గాని దానిని చేయు విద్య మిగులదు.

బప్పు శాస్త్రజ్ఞుడు మాత్రమే కాడు. ఆయనకు చిత్రలేఖనమున అభిరుచి యుండెను. హైదరాబాదు పెంపకమువలన ఉర్దూ కవిత్వముపై మక్కువ యబ్బినది. తోటపనియన్న ప్రీతి మెండు. 1970లో భట్నాగర్ బహుమానమును, 1981లో పద్మభూషణ బిరుదమును ఆయనను వరించినవి. 1972లో భారత ఖగోళశాస్త్ర సంఘమును స్థాపించి ప్రథమాధ్యక్షుడుగ నుండెను. 1979లో అంతర్జాతీయ ఖగోళశాస్త్ర సమితికి అధ్యక్షుడుగ నెన్నికయ్యెను. ప్రపంచ ఖగోళశాస్త్రజ్ఞులందరి సభయైన ఆ సమితికి భారతీయుడు అధ్యక్షుడగుట అదియే మొదలు.

ఆ సమితి మహాసభ 1982 ఆగస్టులో గ్రీసు దేశపు పాత్రాస్ నగరమున జరుగవలసియుండెను. అధ్యక్షపీఠమున గూర్చుండవలసిన బప్పు అచ్చటికి చేరలేదు. హృద్రోగమునకు జర్మనీలోని మ్యూనిక్ నగరమున శస్త్రచికిత్స జరిగిన పిదప కోలుకొనలేక ఆగస్టు 19వ తేదీన, సభ జరుగుచుండగనే, కన్నుమూసెను. ఏబదియైదవ యేడు నిండి తొమ్మిది దినములు మాత్రమే గడచినవి. బెంగుళూరు కర్మశాలలో పెద్దయద్దము అప్పటికింకను ముగియలేదు.

నాయకుడు పోయిన పిమ్మట పని యాగిపోవుట మన దేశమున క్రొత్తగాదు. ఎన్ని చెరువులకు కట్టలు సగము సగమై నిలిచిపోలేదు? కావలూరున అట్లు జరుగలేదు. ఆయన తీర్చిదిద్దిన యువకులే అద్దమును ముగించి, కొండకు జేర్చి, గోపురమున నిలిపిరి. 1985 చివర దానియందు తొలి నక్షత్రకాంతి బడినది. 1986 జనవరి 6వ తేదీన ప్రధానమంత్రి రాజీవ్ గాంధి ఆ దూరదర్శినికిని, ఆ వేధశాలకును వైను బప్పు పేరు పెట్టెను. ఆనాటికి ఆసియాఖండమునందలి పెద్ద దూరదర్శినులలో నది యొకటి.

తరువాతి యేండ్లలో గాజుపలక స్థానమును సిలికాను రేకు ఆక్రమించినది. నూరు కాంతికణములు వచ్చిన గాజుపలక రెండు మూడింటిని మాత్రమే పట్టగలుగుచుండగా, ఈ రేకు ఎనుబది తొంబదింటిని పట్టును. చీకటిగది పోయినది, సాలెదారపు గీతలను గంటలకొలది చూచు కాపరియు పోయెను. నేడు ఒక్క దీర్ఘచిత్రమునకు బదులు పలు చిన్నచిత్రములు తీసి, కంప్యూటరులో ఒకదానిపై నొకటి చుక్కకు చుక్క సరిపోవునట్లు పేర్తురు. నిజమైన కాంతి ప్రతి చిత్రమునను ఒకే చోట నుండును గనుక అది కూడికొని బలపడును. యంత్రము పుట్టించు మచ్చలు చెదరియుండును గనుక పలుచబడును. మూతవేసి తీసిన చీకటిచిత్రమును తీసివేసి యంత్రదోషమును, తెల్లని గోడవంటి సమకాంతిని చిత్రించి అద్దమున గల మసకను సవరింతురు. దుమ్మును చుక్కను వేరుపరచుటకు ముమ్మారు చిత్రించిన ఆ పాత యుపాయమునకు ఇది మనుమరాలు. ఇప్పుడు సామాన్యులు సైతము చిన్న దూరదర్శినితో, చీకటి గల పల్లెపట్టున, నీహారికల రంగుల చిత్రములు తీయగలుగుచున్నారు.

బప్పు సంస్థవారు 2000 సంవత్సర ప్రాంతమున లడఖ్‌లోని హాన్లే యందు, సముద్రమట్టమునకు 4,500 మీటర్ల యెత్తున, రెండు మీటర్ల దూరదర్శినిని నెలకొల్పిరి. హిమాలయముల చాటున బడి వానయెరుగని యెడారి యది. దానిని నడుపువారు బెంగుళూరు ప్రక్కననున్న హొసకోటలో గూర్చుండి ఉపగ్రహము ద్వారా ఆజ్ఞాపింతురు.

కావలూరున గాజుపలకల కాలము ముగియక మునుపు, 1988 ఫిబ్రవరి 17వ తేదీన 45 సెంటీమీటర్ల ష్మిట్ దూరదర్శినితో తీసిన చిత్రమున ఒక క్రొత్త లఘుగ్రహము దొరకినది. దానికి గణితశాస్త్రజ్ఞుడు రామానుజన్ పేరిడిరి. బప్పు పేరు గల లఘుగ్రహము వేరొకటి కలదు. దాని వరుససంఖ్య 2596.